పంతులమ్మకు పాఠం చెప్పిందెవరు?

మా మనవరాలు డిగ్రీ పూర్తిచేసి, "అమ్మమ్మా, నేను చెవుడున్న పిల్లలకి పాఠాలు చెప్పే ట్రైనింగులో చేరుతున్నాను" అన్న రోజున మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. "ఇంత చదివించింది ఇందుకా?" అని వాళ్ళ నాన్న. "రేపు పెళ్ళివారు అడిగితే ఏం చెప్పుకోను?" అని వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి. నేను మాత్రం నోరు మెదపలేదు. మెదపకపోవడానికి నా కారణం నాకుంది. అది తర్వాత చెబుతాను.

మొత్తానికి పిల్ల పంతమే నెగ్గింది. రెండేళ్ళ బి.ఇడి. మామూలు బి.ఇడి. కాదు, వినికిడి తక్కువైన పిల్లలకి చదువు చెప్పేవాళ్ళ కోసం ప్రత్యేకంగా పెట్టినది. చేరిన నెల తిరక్కుండానే ఇల్లంతా దాని ప్రయోగశాల అయిపోయింది. ఎవరి చెవి ఎంత శబ్దాన్ని అందుకుంటుందో గీతలు గీసి చూపించే కాగితాలు ఫ్రిజ్ మీదికెక్కాయి. ప్రయోగాలకి ఇంట్లో ఖాళీగా దొరికేది ఎవరు? నేనే కదా!

ఒకరోజు నా చెయ్యి లాక్కుని తన గొంతు మీద పెట్టుకుంది. అచ్చు కలపకుండా ఉత్త పెదాలతో "ప్" అంది. వేళ్ళకి ఏమీ తెలియలేదు. "బ్" అంది. వేళ్ళకింద జివ్వుమంది. తర్వాత నా వేలు తన ముక్కు పక్కన పెట్టించి "మ్" అంది. ముక్కు సన్నగా అదిరింది. డెబ్భై ఏళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాను, అందులోనూ కాస్త ఎక్కువే మాట్లాడుతానని మావారి అభిప్రాయం. అయినా ఈ సంగతి నాకు తెలియనే తెలియదు సుమండీ!

"ఇప్పుడు గొంతు బయటికి రానివ్వను. నా పెదాలు చూసి చెప్పు" అంది.

చూశాను. "అమ్మ అన్నావు" అన్నాను.

"కాదు, అప్ప. మళ్ళీ చూడు."

"ఇప్పుడు అప్ప."

"కాదు, అబ్బ."

నాకు కోపం వచ్చింది. అద్దం ముందు నిలబడి నేనే అనుకుని చూశాను. అప్ప, అబ్బ, అమ్మ. పాట, బాట, మాట. పెదాల దగ్గర అన్నీ ఒక్కటే! మీకు నమ్మకం లేకపోతే ఈ పేజీ పక్కనపెట్టి మీరూ ఓసారి అద్దం ముందుకి వెళ్ళిరండి. గొంతు చేసే పని గొంతులోనే ఉండిపోతుంది, ముక్కు చేసే పని ముక్కులోనే ఉండిపోతుంది. బయటికి కనిపించేది పెదాలు మూసి తెరవడం మాత్రమే.

"పెదాలు చూసి మాట పట్టుకోవడమంటే ఇదే అమ్మమ్మా. సగం చూపు, సగం ఊహ" అంది పిల్ల.

నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు.

మా పెద్దనాన్నగారి అబ్బాయి. నాకంటే మూడేళ్ళు పెద్ద. రెండో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఊళ్ళో అందరూ 'మూగాడు' అనేవారు. మూగవాడేమీ కాదు. గొంతు బాగానే ఉండేది, ఏడిస్తే వీధి చివరికి వినిపించేది. వినపడనివాడికి మాట ఎలా వస్తుంది? విన్న మాటే కదా మనమైనా పలికేది. ఈ చిన్న విషయం అప్పట్లో మా ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ తట్టలేదు.

మా ఇద్దరికీ మాత్రం ఓ భాష ఉండేది. చిటికెనవేలు చూపిస్తే చింతకాయలు. రెండు చెవుల దగ్గర్నుంచి చేతులు కిందికి జారిస్తే నేను, నావి రెండు జడలు కదా మరి. నుదుటిమీద పెద్ద గుండ్రం చుడితే పెద్దమ్మ, కాసంత బొట్టు ఆవిడది. ఇలా ఓ నలభై యాభై గుర్తులతో మా రాజ్యం నడిచిపోయేది.

తర్వాత వాణ్ణి పట్నంలో ఓ బడిలో వేశారు. ఆ బడి పేరు ఇప్పుడెందుకు లెండి. వేసవి సెలవులకి ఇంటికొచ్చేటప్పటికి వాడు "అమ్మ", "నీలు" అనడం నేర్చాడు. పెద్దమ్మ ఆనందానికి అంతులేదు, వీధి వీధంతా పిలిచి అనిపించింది. నేను మాత్రం మామూలుగా చింతకాయల గుర్తు చూపించాను. వాడు గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గానీ చేతులు ముందుకి రాలేదు. చేతులతో మాట్లాడితే బడిలో బెత్తంతో కొడతారని, పాఠం జరుగుతున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకు కూర్చోవాలని వాడు నటించి చూపిస్తే నాకు అర్థమయింది. రాత్రిళ్ళు హాస్టల్లో మాత్రం అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారట. దీపం ఆర్పేస్తే కబుర్లు బంద్!

ఆ వేసవిలోనే ఇంకో సంగతి జరిగింది. కొత్తావకాయ జాడీ ఒకటి పగిలింది. అన్నయ్య పగలగొట్టాడని పెద్దనాన్న వాణ్ణి చితకబాదారు. పాపం, వాడు ఏదో చెప్పబోయాడు. నోరు తిరగలేదు. చేతులెత్తాడు, చేతులెత్తినందుకు మరో రెండు పడ్డాయి. ఇక్కడికి ఆపుతాను.

మనవరాలి ట్రైనింగు మాట వినగానే నాకు తోచిన ప్రశ్న ఒక్కటే. ఆ బడిలో పంతుళ్ళు దుర్మార్గులేమీ కారు. సెలవులకి పంపేటప్పుడు పిల్లల వెంట స్టేషనుదాకా వచ్చి రైలెక్కించిన మనుషులు. మరి పిల్లల చేతులు కట్టెయ్యమని ఆ పంతుళ్ళకి పాఠం చెప్పిందెవరు? పిల్ల చదివే చరిత్ర పుస్తకాలు మధ్యాహ్నాలు నేనూ కళ్ళజోడు పెట్టుకుని తిరగేస్తూ వచ్చాను. ఆ కథ మన ఊళ్ళో మొదలు కాలేదు, రెండున్నర శతాబ్దాల కిందటి పారిస్ నగరంలో మొదలైంది.

1760 ప్రాంతం. షార్ల్ మిషెల్ ద లెపే అని ఒక క్రైస్తవ గురువు. అప్పటికే యాభైకి దగ్గర పడుతున్నవాడు. ఏదో పనిమీద ఓ ఇంటికి వెళ్ళాడు. ఇద్దరమ్మాయిలు, కవలలు, కుట్టుపని చేసుకుంటున్నారు. పలకరించాడు. తలెత్తలేదు. మళ్ళీ పలకరించాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇదేం మర్యాద అనుకుంటుండగా తల్లి వచ్చి, పిల్లలకి వినపడదండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అంతకుముందు వాళ్ళకి బొమ్మలు చూపించి నాలుగు ముక్కలు నేర్పుతున్న ఒక గురువు చనిపోయాడట. ఆ పని నేను చేస్తానన్నాడు లెపే.

ఆయనకి ఈ విద్య తెలుసా అంటే, తెలియదు. చెప్పేవాళ్ళూ లేరు. కానీ ఆయన ఒక తెలివైన పని చేశాడు. పారిస్ వీధుల్లో చెవుడున్నవాళ్ళు ఒకరితో ఒకరు చేతులతో మాట్లాడుకోవడం గమనించి, ముందు ఆ భాష తను నేర్చుకోవడం మొదలెట్టాడు. అంటే, బడి పెట్టిన పంతులుగారికి మొదటి పాఠం చెప్పింది శిష్యులే! ఆ సైగలకి తోడు ఫ్రెంచి వ్యాకరణంలోని విభక్తులకీ ప్రత్యయాలకీ సొంతంగా కొన్ని సైగలు కల్పించాడు. అవి మరీ బరువై తర్వాతివాళ్ళు వదిలేశారనుకోండి. పంతుళ్ళకి ఉన్నదాంతో తృప్తి ఉండదు కదా.

ఇంటినే బడి చేశాడు. ఫీజు లేదు. వారసత్వంగా వచ్చిన డబ్బు దీనికే పెట్టాడు. 1788లో చలి భయంకరంగా ఉంటే, పిల్లలకి ఖర్చవుతుందని తన గదిలో నిప్పు రాజేసుకోవడం మానేశాడని, పిల్లలే ఏడ్చి బతిమాలి కట్టెలు తెప్పించారని చెబుతారు. అంతకన్నా నాకు నచ్చిన గుణం ఇంకొకటుంది. ఆయన తన విద్యని దాచుకోలేదు. ఎవరైనా రండి, చూడండి, నేర్చుకుని వెళ్ళి మీ ఊళ్ళో బడి పెట్టుకోండి అన్నాడు. 1777లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ పారిస్ వచ్చినప్పుడు ఈ బడి చూసి ముచ్చటపడి, తన దేశం నుంచి ఒక గురువుని నేర్చుకురమ్మని పంపాడు. 1779లో వియన్నాలో బడి లేచింది. చెవుడున్న పిల్లల పంతుళ్ళకి ట్రైనింగు అనే మాట చరిత్రలో ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే, ఆ ఇల్లు చూపిస్తాను నేను.

దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. జర్మనీలో లైప్‌జిగ్ నగరంలో 1778లో బడి పెట్టిన హైనికె దొర, పిల్లలకి నోటి మాటే నేర్పాలని పట్టుదల ఉన్నవాడు. అచ్చులు నేర్పడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం వింటే మనకి వంటిల్లు గుర్తొస్తుంది. ఒక్కో అచ్చుకి ఒక్కో రుచి నాలుక మీద వేసేవాడట. పుల్లటి వెనిగరు ఒకదానికి, మాచిపత్రి జాతి చేదు మొక్క రసం ఒకదానికి, మంచినీళ్ళు ఒకదానికి, చక్కెర నీళ్ళు ఒకదానికి, ఆలివ్ నూనె ఒకదానికి. మన అచ్చులన్నీ నేర్పాలంటే పోపులపెట్టె సరిపోయేది కాదు! ఈ కిటుకు ఆయన రహస్యంగానే ఉంచుకున్నాడు.

ఇక బ్రిటన్‌లో బ్రెయిడ్‌వుడ్ అని ఒక కుటుంబం. 1760లో ఎడింబరోలో బడి పెట్టారు. డబ్బున్నవాళ్ళ పిల్లలు వచ్చేవారు, బడి బాగానే నడిచేది. కానీ పద్ధతి మాత్రం ఇంటిగడప దాటనివ్వలేదు. కొడుకులు, మేనల్లుళ్ళు, మనవలు. మన ఊళ్ళలో పాముకాటు మంత్రం ఇలాగే కదా, చెబితే మహత్తు పోతుందని తండ్రి కొడుకు చెవిలో చావబోయేముందు చెప్పేవాడు.

ఈ దాపరికం వల్లే అమెరికా కథ మలుపు తిరిగింది. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అనే ఊరు. కాగ్స్‌వెల్ డాక్టరుగారి అమ్మాయి ఆలిస్‌కి పసితనంలో జబ్బుచేసి వినికిడి పోయింది. 1814లో పక్కింటి యువకుడు థామస్ గాలొడెట్ ఆ పిల్లని చూసి, తన టోపీ చూపించి, కర్రపుల్లతో నేలమీద ఇంగ్లీషులో 'టోపీ' అని రాశాడు. ఆ గీతలకీ ఈ వస్తువుకీ సంబంధం ఉందని పిల్లకి అర్థమయింది. తండ్రి ప్రాణం లేచివచ్చింది. ఊరిపెద్దలు చందాలు పోగుచేసి, ఈ విద్య నేర్చుకురా నాయనా అని గాలొడెట్‌ని 1815లో ఓడ ఎక్కించారు.

లండన్ వెళితే, మూడేళ్ళు మా దగ్గర సహాయకుడిగా పని చెయ్యి, నేర్చినది బయట చెప్పనని మాటివ్వు అన్నారు. ఎడింబరో వెళితే, అక్కడి పంతులుగారికి నేర్పాలనే ఉంది గానీ ఏడేళ్ళు ఎవరికీ నేర్పనని బ్రెయిడ్‌వుడ్ వారికి పత్రం రాసిచ్చి ఉన్నాడు. తిరిగి తిరిగి విసిగిపోయిన సమయంలో లండన్‌కి పారిస్ వాళ్ళు వచ్చారు. లెపే 1789లోనే పోయాడు, ఆయన శిష్యుడు సికార్ బడి నడుపుతున్నాడు. సికార్ తన ఇద్దరు శిష్యుల్ని వేదికమీద నిలబెట్టి, అడిగినవాళ్ళ ప్రశ్నలన్నిటికీ పలకమీద జవాబు రాయించాడు. ఆ ఇద్దరూ పుట్టు చెవుడు ఉన్న మాసియో గానీ, పసితనంలోనే వినికిడి పోయిన లొరాఁ క్లేర్ గానీ చదువుకున్న వాళ్ళకి తీసిపోని మనుషులు. పైగా ఆ బడిలో ఉపాధ్యాయులు!

క్లేర్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. పసివాడుగా ఉన్నప్పుడు పొయ్యిలో పడి చెంప మీద మచ్చ పడింది. చెంపమీద రెండు వేళ్ళు రాస్తే అతని పేరు, మావాళ్ళ జడల పేరులాగే. బడిలో చిన్నప్పుడు ఒక అయ్యవారు అతనికి నోటి మాట నేర్పబోయాడు. 'ద'కీ 'త'కీ తేడా ఎంతకీ రాలేదు. అయ్యవారికి ఒళ్ళుమండి గడ్డం కింద ఒక్కటి కొడితే, నాలుక కరుచుకుని నోరు రక్తమయింది. ఇక జన్మలో నోరు విప్పనని పిల్లవాడు ఒట్టు పెట్టుకున్నాడు. విప్పలేదు కూడా. నోరు విప్పకుండానే అప్పటి ఐరోపాలో పేరెన్నికగన్న ఉపాధ్యాయుడయ్యాడు.

1816లో గాలొడెట్ పారిస్ వెళ్ళి కొన్ని నెలలు ఆ తరగతుల్లో కూర్చున్నాడు. డబ్బు అయిపోతోంది, విద్య పూర్తికాలేదు. అప్పుడు తెగించి క్లేర్‌నే అడిగాడు, మా దేశం వస్తావా అని. ఆ ఏడాది జూన్ 18న ఇద్దరూ ఓడ ఎక్కారు. న్యూయార్క్ చేరింది ఆగస్టు 9న. యాభైరెండు రోజులు. ఆ యాభైరెండు రోజులూ గాలొడెట్‌కి క్లేర్ సైగలు నేర్పాడు, క్లేర్‌కి గాలొడెట్ ఇంగ్లీషు నేర్పాడు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? సముద్రం మధ్యలో నడిచిన ఆ ట్రైనింగు కాలేజీకి ఇద్దరే విద్యార్థులు, ఇద్దరే పంతుళ్ళు.

1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. మొదటి రోజు పిల్లలు ఏడుగురు. ఆలిస్ అందులో ఉంది. మూడేళ్ళకని ఒప్పందం రాసుకుని వచ్చిన క్లేర్ నలభైఏళ్ళు పైచిలుకు అక్కడే పాఠాలు చెప్పాడు. వేరే రాష్ట్రాల్లో బడులు పెట్టదలచినవాళ్ళు ఇక్కడికొచ్చి నేర్చుకునేవారు. చదువుకున్న చెవిటి పిల్లలే పంతుళ్ళయి ఊరూరా వెళ్ళారు. ఆ శతాబ్దం మధ్య ప్రాంతంలో అమెరికాలో ఇలాంటి బడుల్లో పనిచేసే ఉపాధ్యాయుల్లో నూటికి నలభైమంది దాకా తామే చెవుడున్నవాళ్ళు. ఈ లెక్క చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మా అన్నయ్య బడిలో అలాంటివారు ఒక్కరైనా ఉన్నారా? బడి తోటమాలికి వినపడదని చెప్పేవాడు. అంతే.

మరి ఏమైపోయారు వీళ్ళంతా?

ఇక్కడ మనందరికీ తెలిసిన పెద్దమనిషి రంగం మీదికొస్తాడు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్. ఆయన అసలు వృత్తి ఇదే, చెవుడున్న పిల్లల పంతుళ్ళకి పాఠం చెప్పడం! ఏ అక్షరానికి నాలుక ఎక్కడ, పెదాలు ఎలా అని బొమ్మల్లా చూపించే లిపి ఒకటి వాళ్ళ నాన్న తయారుచేశాడు. అది ఉపాధ్యాయులకి నేర్పడానికే 1871లో బెల్ బోస్టన్ వచ్చాడు. తల్లికి చెవుడు. తర్వాత కట్టుకున్న ఇల్లాలు మేబెల్‌కీ ఐదో ఏట జ్వరంతో వినికిడి పోయింది. పెదాలు చూసి మాట్లాడడంలో ఆమె గొప్ప నేర్పరి. ఇంట్లో ఇద్దర్ని పెట్టుకున్నవాడికి ఈ కష్టం తెలియదని ఎలా అంటాం? తెలుసు. అందుకే అందరూ మేబెల్‌లా మాట్లాడగలగాలని ఆయన కోరిక. ఆ అమ్మాయికి మాట వచ్చాకే చెవుడు వచ్చిందని, కలిగినవారి బిడ్డ గనక ఇంట్లో ప్రత్యేకంగా నేర్పేవాళ్ళున్నారని ఎవరైనా గుర్తుచేస్తే బాగుండేది. మంచివాళ్ళ పట్టుదల ఒక్కోసారి చెడ్డవాళ్ళ కోపం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో ఈ రంగం వాళ్ళు మహాసభ పెట్టుకున్నారు. 164 మంది. ఎక్కువమంది ఇటలీ, ఫ్రాన్సు దేశాలవాళ్ళు. అందులో చెవుడున్న మనిషి ఒకే ఒక్కడు, అమెరికా నుంచి వచ్చిన జేమ్స్ డెనిసన్ అనే ఉపాధ్యాయుడు. ఆడపడుచుల ఆస్తి సంగతి అన్నదమ్ములు మాత్రం కూర్చుని తేల్చినట్టు, చెవుడున్నవాళ్ళ భాష సంగతి చెవులున్నవాళ్ళు కూర్చుని తేల్చేశారు. సైగల కంటే నోటిమాట మేలు, సైగలు పూర్తిగా వదిలెయ్యాలి అని తీర్మానం. హార్ట్‌ఫర్డ్ గాలొడెట్ గారి అబ్బాయి ఎడ్వర్డ్ ఉన్నాడు సభలో. ఆయన తల్లికి పుట్టు చెవుడు, ఆయన కన్నతల్లితో మాట్లాడిన భాషే సైగలు. ఎంత చెప్పినా వినలేదు. నిలబడ్డవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్ళు 'మాట వర్ధిల్లాలి' అని జేజేలు కొట్టి ఇళ్ళకి వెళ్ళారు.

ఆ జేజేల ఫలితం పంతుళ్ళమీద పడింది. నోటిమాట నేర్పాలంటే వినపడేవాడే నేర్పాలి. కాబట్టి చెవుడున్న పంతులు ఇక పనికిరాడు. ఐరోపాలో బడి తర్వాత బడి వాళ్ళని సాగనంపింది. అమెరికాలోనూ యాభైఏళ్ళు తిరిగేసరికి ఆ నలభైమంది సగానికి పైగా తగ్గిపోయారు. 1891లో వాషింగ్టన్‌లో ఎడ్వర్డ్ గాలొడెట్ నడిపే కాలేజీలో ఉపాధ్యాయుల ట్రైనింగు పెడతామంటే, చెవుడున్నవాళ్ళు ట్రైనింగయి పంతుళ్ళవుతారేమోనని బెల్ ప్రభుత్వం దాకా వెళ్ళి అడ్డుపడ్డాడు. ట్రైనింగు తరగతి వచ్చింది. కానీ చెవుడున్నవాళ్ళ కోసమే కట్టిన ఆ కాలేజీలో, ఆ ఒక్క తరగతిలో మాత్రం వినపడేవాళ్ళకే చోటు! ఎడ్వర్డ్ కూడా ఇక్కడ రాజీపడ్డాడు. అమ్మని తలుచుకుని ఉంటాడా అని నాకో సందేహం.

మన దేశంలో ఈ బడులు వచ్చింది సరిగ్గా ఈ గాలి వీస్తున్నప్పుడే. బొంబాయిలో 1885. కలకత్తాలో 1893. కలకత్తా బడి స్థాపకుల్లో ఒకరైన యామినీనాథ్ బెనర్జీగారు ఈ విద్య నేర్చుకోవడానికి ఇంగ్లండు, అమెరికా వెళ్ళివచ్చారు. దక్షిణాదిన తిరునెల్వేలి పక్క పాళయంకోటలో ఫ్లారెన్స్ స్వైన్సన్ అనే మిషనరీ దొరసాని బడి పెట్టింది. వీళ్ళంతా పుణ్యాత్ములే, వీళ్ళు లేకపోతే ఆ పిల్లలకి పలకాబలపమే లేదు. కానీ మిలాన్ తీర్మానం చదివినవాళ్ళ దగ్గర నేర్చినవాళ్ళు మరొకరికి నేర్పితే, వాళ్ళు ఇంకొకరికి నేర్పితే, చివరికి ఓ ఆంధ్ర పట్నంలో ఓ పేరులేని బడిలో ఓ పిల్లవాడి చేతులు వెనక్కి వెళ్ళాయి. మిలాన్ ఎక్కడ, మా కొత్తావకాయ జాడీ ఎక్కడ!

తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తాను. 1960లో ఆ వాషింగ్టన్ కాలేజీలోనే స్టోకో అనే ఇంగ్లీషు మేష్టారు, సైగలు కోతిచేష్టలు కావు, మిగతా భాషల్లాగే వాటికీ సొంత నిర్మాణం ఉందని పుస్తకం రాసి నిరూపించాడు. మొదట తోటి పంతుళ్ళే నవ్వారు. మన దేశంలో 1983లో బొంబాయిలో జాతీయ సంస్థ వచ్చింది. దానికి పెట్టిన పేరు మన హైదరాబాదు ఆయనదే, ఉస్మానియాకి వైస్ ఛాన్సలరుగా, మహారాష్ట్రకి గవర్నరుగా చేసిన అలీ యావర్ జంగ్. సికింద్రాబాదులో దాని శాఖ ఉంది. 1992 చట్టంతో, ఈ పిల్లలకి పాఠం చెప్పాలంటే తగిన ట్రైనింగు, రిజిస్ట్రేషను తప్పనిసరి అయ్యాయి. 2010లో కెనడాలోని వాంకూవర్ మహాసభలో మిలాన్ తీర్మానాలు తప్పని ఒప్పుకుని విచారం ప్రకటించారు. నూట ముప్పై ఏళ్ళు పట్టింది ఆ ఒక్క మాటకి. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషకి ప్రత్యేక కేంద్రం, 2018లో ఆ కేంద్రం నిఘంటువు వచ్చాయి. ఆ భాష నేర్పే టీచర్లుగా చెవుడున్నవాళ్ళనే తయారుచేసే డిప్లమా కూడా ఉంది. క్లేర్ దొర తిరిగొచ్చాడన్నమాట.

నోటిమాట నేర్పకూడదని నేను అనడం లేదు. ఇప్పుడు పసితనంలోనే పరీక్షచేసి యంత్రాలు పెడుతున్నారు, ఆపరేషన్లు చేస్తున్నారు, ఎందరో పిల్లలు చక్కగా మాట్లాడుతున్నారు. మా పిల్ల ట్రైనింగులో సగం అదే. చెవిలో మైనం లాంటి ముద్ద పెట్టి అచ్చు తియ్యడం దగ్గర్నుంచి నేర్చుకుంది, మొదటి అచ్చు నా చెవిదే. పెద్దమ్మ ఆ రోజు "అమ్మ" అని విన్న ఆనందాన్ని నేను కాదనలేను. ఆ ఒక్క మాట కోసం మిగతా మాటలన్నీ లాక్కోవడమే నా బాధ.

రెండో ఏడు దాని కాలేజీకి సైగలభాష నేర్పడానికి ఒకావిడ వచ్చింది. ఆవిడకి పుట్టు చెవుడు. మొదటిరోజు తరగతిలో నలభై నిమిషాలు ఒక్క శబ్దం లేదట. అందరికీ తలో పేరు పెట్టింది. మావాడి సొట్టబుగ్గ చూసి బుగ్గమీద వేలు పెట్టి తిప్పింది. అదీ దీని పేరు. ఇంటికొచ్చి, "ఇవాళ మొదటిసారి క్లాసులో వెనకబడిన పిల్లని నేనే అమ్మమ్మా" అంది. దానికి కళ్ళు మెరుస్తున్నాయి.

మొన్న సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. డెబ్భై దాటాయి, ఓ ప్రెస్సులో కంపోజింగు చేసి చేసి రిటైరయ్యాడు. ఇన్నేళ్ళుగా మా ఇంటికొస్తే కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవడమే మాకు మాటలు. మా నలభై గుర్తులు నేను మరిచిపోయి ఎన్నేళ్ళయిందో! పిల్ల వెళ్ళి ఎదురుగా కూర్చుని చేతులు కదిపింది. తాతగారు ఒక్క క్షణం అలాగే చూశాడు. తర్వాత మొదలైంది చూడండి, గంటన్నర. కాఫీ చల్లారిపోయింది. ఇద్దరూ నవ్వుతున్నారు, తొడలు చరుచుకుంటున్నారు. మా ఇంట్లో అన్నయ్య కబుర్లు చెప్పగా చూడడం అదే మొదటిసారి. వాడికి ఇన్ని మాటలు ఉన్నాయా!

మధ్యలో వాడు నావైపు తిరిగి, రెండు చెవుల దగ్గర్నుంచి చేతులు కిందికి జార్చాడు. ఉన్న నాలుగు వెంట్రుకలూ ముడివేసుకున్న నాకు ఒళ్ళు ఝల్లుమంది. తర్వాత చేతులతో గుండ్రంగా ఏదో చూపించి, దాన్ని వదిలేసినట్టు చేశాడు.

పిల్ల నవ్వు ఆపి నావంక చూసింది.

"అమ్మమ్మా, ఆ ఆవకాయ జాడీ పగలగొట్టింది నువ్వటగా?"